మైలగాడికిచ్చిన సూది

నల్లమల కొండలు పల్నాటి వైపు దిగి మెట్ట చేలల్లో కలిసిపోయే చోట బొల్లాపల్లి మండలం ఉంది. గండిగనుమల, రేమిడిచర్ల, వెల్లటూరు, వాటి చుట్టూ తండాలు. ఈ కథ జరిగింది వీటిలో ఏ ఊళ్లోనైనా అనుకోండి. ఆ ఊళ్లో ఒక రైతు, అతని భార్య, నలుగురు పిల్లలు, ఒక జత ఎడ్లు. ఉన్న నాలుగెకరాల్లో ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి, గట్ల వెంబడి కంది. ట్రాక్టర్లొచ్చాక ఊళ్లో ఎడ్లు తగ్గిపోయాయి. మిరప సాళ్ల మధ్య గుంటక తోలడానికి మాత్రం ఎద్దును మించింది లేదని ఆ రైతు నమ్మకం. జతలో ఒకటి తెల్లటి ఒంగోలు ఎద్దు, మెడ దగ్గర మాత్రం మైల రంగు. ఇంటిల్లిపాదీ దాన్ని మైలగాడు అనేవాళ్లు. దూడప్పటి నుంచీ కుడితి పెట్టి పెంచింది ఇల్లాలే.

ఒక ఎండాకాలం మైలగాడు ఊరికే తల విదిలించడం మొదలుపెట్టాడు. కుడి కొమ్ము కాస్త కిందికి వాలింది. దాని మొదలు దగ్గర వేలు పెట్టి నొక్కితే మెత్తగా తగిలింది. ఒకనాడు కుడితి తాగుతుంటే ముక్కులోంచి నెత్తురు తొట్లో పడింది. దిష్టి తగిలిందని ఒకరన్నారు, కబేళాకు తోలెయ్యమని ఇంకొకరన్నారు. రైతు ఎవరి మాటా వినకుండా పశువుల ఆసుపత్రికి తోలుకుపోయాడు. డాక్టరు చూసి, "కొమ్ము క్యాన్సర్. తెల్ల ఎడ్లకే ఎక్కువ వస్తుంది. కొమ్ము మొదలంటా తీసేస్తే బతుకుతుంది" అన్నాడు.

ఆపరేషన్ రోజు ఇల్లాలు కూడా వెళ్లింది, కొత్తవాళ్లు పట్టుకుంటే ఎద్దు బెదురుతుందని. కొమ్ము కొయ్యడమంటే నలుగురు మగాళ్లు పడదోసి, కాళ్లు కట్టి, రంపం పెడతారనుకుంది. డాక్టరు అట్లా చెయ్యలేదు. ముందు ఒక మత్తు సూది వేశాడు. మైలగాడి తల వాలింది. తర్వాత కంటి కొస నుంచి కొమ్ము మొదలు దాకా వేలితో తడిమి, ఎముక గట్టు కింద ఒక చోట సూది దించాడు. కొమ్ము చుట్టూ ఇంకా కొన్ని చోట్ల వేశాడు. వేసి, చేతులు కడుక్కుని, పోయి బల్ల మీద కూర్చున్నాడు.

"అదేందయ్యా, కూర్చున్నారు?" అనడిగింది ఇల్లాలు.

"మందు పట్టాలి కదమ్మా. పది నిమిషాలన్నా ఆగాలి."

బయట గేదెలతో వచ్చినవాళ్లు ఎండెక్కుతోందని గొణుగుతున్నారు. ఆయన లేవలేదు. పది నిమిషాలయ్యాక వచ్చి కొమ్ము చుట్టూ సూదిమొనతో పొడిచి చూశాడు. ఒక చోట పొడవగానే మైలగాడి చెవి కదిలింది. "ఇక్కడింకా పట్టలేదు" అని అక్కడ మరికాస్త మందు వేసి మళ్లీ కూర్చున్నాడు. రెండోసారి పొడిచినప్పుడు చెవి కదల్లేదు. అప్పుడు తీగ రంపం అందుకున్నాడు. కొమ్ము తెగుతున్నంతసేపూ ఇల్లాలు కళ్లు మూసుకునే ఉంది. ఆమె అరచేతిలో మూతి ఆనించి మైలగాడు నింపాదిగా ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

ఆ ఏడే వానలు పడ్డాక ఇల్లాలి ఒంట్లో బాగోలేదు. నలభై ఆరేళ్ల మనిషి. రెండేళ్ల నుంచి ముట్టు లెక్క తప్పింది, నెలకు రెండుసార్లు కనబడుతోంది, వస్తే పది రోజులు ఆగదు. మిరప కోతలకు పోతే నలుగురిలో కూర్చోవాలన్నా భయమే, లేవాలన్నా భయమే. ఊళ్లో వైద్యం చేసే ఆర్ఎంపీ, "పిల్లలు పుట్టారుగా, ఇంకా ఆ సంచితో ఏం పని? తీయించేసుకో, పీడ వదిలిపోద్ది" అన్నాడు. ఆశా కార్యకర్త ఒప్పుకోలేదు. "ముందు పరీక్ష చేయించుకుందాం రా అక్కా" అని పెద్దాసుపత్రికి వెంటబెట్టుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ మంచి మాటే చెప్పింది. "స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. చెడు లేదని తేలితే మందులతో సరిపోవచ్చు, సంచి తీయాల్సిన పని ఉండకపోవచ్చు." ఇల్లాలు సంతోషంగా తలూపింది. పక్క గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. "చిన్న పనేనమ్మా, రెండు నిమిషాలు. కాస్త ఓర్చుకో" అంది డాక్టరమ్మ.

కొక్కెంలాంటిదేదో గర్భసంచి మూతిని పట్టుకుంది. సన్నటి గొట్టం ఆ మూతి దాటి లోపలికి పోతుంటే ఇల్లాలు వేసిన కేక ఓపీ వరుస చివరిదాకా వినబడింది. కాళ్లు దగ్గరికి లాక్కుంది. ఒళ్లంతా చెమట, కళ్ల ముందు చీకట్లు. "నలుగుర్ని కన్నదానివి, ఈ మాత్రానికేనా?" అంది నర్సు. ఇంకోసారి ప్రయత్నించారు, ఇంకో కేక. వచ్చిన ముక్క పరీక్షకు చాలదన్నారు. వారం తర్వాత మళ్లీ రమ్మని చీటీ రాశారు.

ఆ చీటీ గూట్లో పెట్టింది. నాలుగు నెలలు అది అక్కడే ఉంది. ఆశా అడిగినప్పుడల్లా మిరప కోతలన్నది, కూతురి సీమంతమన్నది. నెత్తురు పోతూనే ఉంది. మొగుడు అడిగితే మాత్రం నిజం చెప్పింది. "చచ్చినా మంచిదే గానీ ఆ బల్లెక్కను."

గాలికుంటు టీకాలెయ్యడానికి పశువుల డాక్టరు ఊళ్లోకి వచ్చిన రోజున గొడ్లన్నీ ఆయన్ను చూసి తాళ్లు తెంపుకుంటున్నాయి. ఒంటికొమ్ము మైలగాడు ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఆయన దగ్గరికొచ్చి మెడ నిమిరినా, కొమ్ము తీసిన చోట చెయ్యేసి చూసినా బెదరలేదు. ఇల్లాలు అదంతా చూసి చూసి అడిగింది.

"అయ్యా, ఆ పొద్దు మా మైలగాడికి కొమ్ము చుట్టూ ఏసిన మందు, అది గొడ్ల మందా, మనుషుల మందా?"

"మనుషుల మందేనమ్మా. మనుషుల కోసం కనిపెట్టిందే మేమూ వాడతాం. పన్ను పీకేటప్పుడు చిగురుకి ఏస్తారే, అదే."

"ఆడోళ్లకి పట్టదా?"

డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. "ఎందుకు పట్టదు తల్లీ? అందరికీ పడుతుంది."

"మరి నాకెందుకెయ్యలేదు?"

"ఆ మాట నువ్వు నీ డాక్టరమ్మనే అడగాలి."

మర్నాడే ఆశాను వెంటబెట్టుకుని బస్సెక్కింది. గూట్లోని చీటీ డాక్టరమ్మ ముందు పెట్టింది. "పరీక్ష చేయించుకుంటానమ్మా. మా ఎద్దుకి కొమ్ము కోసేటప్పుడు సూదేసి, పది నిమిషాలు ఆగి, పట్టిందో లేదో పొడిచి చూసి, పట్టలేదంటే మళ్లీ ఏసి, అప్పుడు కోశారు. నాకూ అట్టా చెయ్యండి."

నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. బయట వరుస వంక చూసింది. ఆ పొద్దు ఇంకా అరవై మంది ఉన్నారు. "అంత నొప్పి వచ్చిందని అప్పుడే చెప్పలేదేం?" అంది.

"అరిచాను గదమ్మా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నొప్పి మాత్ర ఒకటి ఇప్పించి, గంట ఆగి రమ్మంది. లోపలికి పిలిచాక ఏం చెయ్యబోతోందో ముందే చెప్పింది. సూది గుచ్చేటప్పుడు చురుక్కుమంటుందని, ఆ తర్వాత కడుపులో పట్టేసినట్టు ఉండొచ్చని, చెయ్యెత్తితే ఎక్కడికక్కడ ఆపేస్తానని. గర్భసంచి మూతి చుట్టూ మందు వేసి గడియారం చూసుకుంటూ ఆగింది. ముట్టుకుని, "తెలుస్తోందా?" అనడిగింది. ఒక పక్క తెలుస్తోందంటే అక్కడ ఇంకొంచెం వేసింది. పరీక్ష అయ్యింది. నొప్పి లేదని కాదు. పంటి బిగువున ఓర్చుకోదగ్గ నొప్పి. పదిహేను రోజులకు ఫలితం వచ్చింది, చెడు ఏమీ లేదు. మందులు రాసిచ్చారు. గర్భసంచి గర్భసంచిగానే ఉంది.

పరీక్ష రోజున బయటికి వచ్చి బల్ల మీద కూర్చుంటే, వరుసలో ఉన్న ఆడవాళ్లు చుట్టూ చేరారు. కేక వినబడుతుందని ఎదురుచూసినవాళ్లు.

"ఏం ఇచ్చారు వదినా లోపల?"

"మా మైలగాడికిచ్చిందే ఇచ్చారు" అంది. "మీరూ అడగండి."

నీతి: పని చిన్నదో పెద్దదో చేసేవాళ్లు చెప్పగలరు. నొప్పి చిన్నదో పెద్దదో చెప్పాల్సింది బల్ల మీద పడుకున్న మనిషి.

కథ కల్పితమే. అందులోని మందూ, కేకా కల్పితం కావు. పశువుల డాక్టరు చేతిలో ఉన్న మందు డాక్టరమ్మ బీరువాలో కూడా ఉంది. మొదటిసారి ఆమె దగ్గర లేనివి ఆగే సమయం, పట్టిందో లేదో తెలుసుకునే అలవాటు. నోరులేని ఎద్దు చెవి కదిలిస్తే దాన్ని ఒక సమాచారంగా తీసుకున్నాడు పశువుల డాక్టరు. నోరున్న ఆడమనిషి గొంతెత్తి అరిస్తే అది గోలగా వినబడింది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

ఆ మందు పేరు లిగ్నోకైన్. జైలోకైన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు, 1948లో బజారులోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ ఉంది. ఖరీదు కొన్ని పదుల రూపాయలు. బొల్లాపల్లి లాంటి మండలంలో దెబ్బ తగిలి కుట్లు పడాల్సిన కూలీకి కూడా చర్మం కింద ఇదే వేసి కుడతారు. కుట్టుకు వేసేవాళ్లు గర్భసంచి మూతికి ఎందుకు వెయ్యరన్నది న్యాయమైన ప్రశ్న.

ఒక పాత నమ్మకం దీనికి కొంత కారణం. గర్భసంచి మూతికి పెద్దగా స్పర్శ ఉండదని వైద్యులే చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఆ మూతి నుంచి నొప్పిని మోసే నరాలు వెన్ను కింది భాగానికి పోతాయి, సంచి పైభాగం నుంచి పోయేవి నడుము దగ్గర వెన్నులోకి చేరతాయి. దారులు రెండు కాబట్టి ఒకే మందుతో రెండూ పూర్తిగా మూతపడవు. మూతిని పట్టుకున్నప్పుడు, గొట్టం దూర్చినప్పుడు వచ్చే నొప్పికి మూతి చుట్టూ లిగ్నోకైన్ సూదులు బాగా పనిచేస్తాయి. సంచి ముడుచుకున్నప్పుడు వచ్చే పోట్లకు ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటి మాత్రలు కావాలి. అవి ముట్టునొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. మాత్ర పనిచెయ్యడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది కాబట్టి బల్ల ఎక్కే ముందు ఇస్తే లాభం లేదు. ఓపీలో చీటీ రాసినప్పుడే చేతిలో పెట్టాలి. సూదిమందు పట్టడానికి మూడు నిమిషాలన్నా కావాలి. అరవై మంది వరుసలో మూడు నిమిషాలు పెద్ద సమయమే, కాదనను. సగంలో ఆగిపోయిన పరీక్షను మళ్లీ చెయ్యడానికి పట్టే సమయం అంతకంటే ఎక్కువ. ఆ మనిషి మళ్లీ రాకపోతే పోయేదానికి లెక్కే లేదు.

ఆడవాళ్ల ఆపరేషన్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ మామూలు రాష్ట్రం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ 15 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. అంటే మన ఇళ్లలో ఆపరేషన్ బల్ల ఎక్కని ఆడమనిషి దొరకడం కష్టం. అంతమంది ఎక్కిన బల్ల మీద నొప్పి గురించి మనం ఇంత తక్కువ మాట్లాడుకున్నామంటే బాధగా ఉంటుంది. గర్భసంచి తీసివెయ్యడం పెద్ద ఆపరేషన్, దానికి పూర్తి మత్తో వెన్నులో మత్తు సూదో ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు. దాన్ని తప్పించగలిగే చిన్న పరీక్ష మెలకువతో, మందు లేకుండా జరిగితే, చిన్నదాని భయంతో పెద్దదానికే సిద్ధపడే ఆడవాళ్లు ఉంటారు. కథలో ఇల్లాలు ఆ అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చింది.

మత్తుమందు చరిత్రలో మన నేలకు గొప్ప చోటుంది. ఆ సంగతి మనమే మరిచిపోయాం. 1847లో స్కాట్లండ్‌లో జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫాం వాడితే, ఆడవాళ్లు నొప్పి పడి కనాలన్నది దైవాజ్ఞ అని కొందరు అభ్యంతరం చెప్పారు. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పులో జాన్ స్నో క్లోరోఫాం ఇచ్చాక ఆ వాదన నీరుగారింది. ఆ క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు కూర్చున్న చోటు హైదరాబాదు. ఎడ్వర్డ్ లారీ నడిపిన ఆ పనికి నిజాం డబ్బిచ్చాడు. లారీ దగ్గర హైదరాబాద్ మెడికల్ స్కూలులో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి మత్తు ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చాలామంది చెబుతారు. ఆడవాళ్ల నొప్పి తగ్గించే విద్యను ఒక ఆడమనిషి హైదరాబాదులో చేపట్టి నూట ముప్పై ఏళ్లు దాటింది. హైదరాబాదు నుంచి బొల్లాపల్లి దాకా ఆ విద్య రావడానికి ఇంత కాలం పట్టాల్సిన పని లేదు.

మరోవైపు, ఆడవాళ్ల వైద్యానికి పితామహుడని పొగిడించుకున్న మేరియన్ సిమ్స్ 1840లలో అమెరికాలోని అలబామాలో, బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీల మీద మత్తు లేకుండా ఆపరేషన్లు నేర్చుకున్నాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మిగిలాయి. అనార్కాకు ఒక్కదానికే ముప్పై సార్ల దాకా చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నిలబెట్టిన ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. ఫలానావాళ్లు నొప్పి ఎక్కువ ఓర్చుకుంటారన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చూడటానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మన దగ్గర ఆ మాట పొగడ్త వేషంలో వస్తుంది. భూదేవంత ఓర్పు అంటాం. పౌరుషానికి పేరుపడ్డ పల్నాట్లో నొప్పికి అరవడమే నామోషీ. నాయకురాలు నాగమ్మ మంత్రిగా చక్రం తిప్పిన గడ్డ మీద ఆడమనిషి గట్టిగా అడగడాన్ని కూడా పౌరుషం కిందే లెక్కవెయ్యాలని నా అభిప్రాయం.

ఆడవాళ్ల కేక వినబడని ఈ వినికిడి లోపం పల్లెటూరి ఆసుపత్రిది మాత్రమే అనుకోవద్దు. 2020లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన సంతాన సాఫల్య కేంద్రంలో ఒక నర్సు నొప్పిమందు ఫెంటానిల్‌ను దొంగిలించి సీసాల్లో ఉప్పునీరు నింపింది. అండాలు తీసేటప్పుడు ఆడవాళ్లు నొప్పి భరించలేకపోతున్నామని చెబుతూనే ఉన్నారు. సీసాలో మందు లేదేమోనన్న అనుమానం మాత్రం నెలల తరబడి ఎవరికీ రాలేదు. అంత పేరున్న చోట, అంత చదువుకున్న ఆడవాళ్ల మాటకే విలువ అంతంతమాత్రం.

మార్పు మొదలైంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భస్రావ వైద్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, గర్భం తీసే లేక శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పిమాత్రలు అందరికీ ఇవ్వచూపాలనీ, 14 వారాల లోపు గర్భమైతే మూతి చుట్టూ లిగ్నోకైన్ వెయ్యాలనీ చెప్పింది. అవసరం లేకుండా అందరికీ పూర్తి మత్తు ఇవ్వొద్దని కూడా చెప్పింది. 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ, కాపర్-టి లాంటివి వేసే ముందు ప్రతి ఒక్కరితో నొప్పి గురించి మాట్లాడాలనీ, లిగ్నోకైన్ సూదిగానో పూతగానో ఉపయోగపడొచ్చనీ అంది. 2025లో అక్కడి స్త్రీ వైద్య నిపుణుల సంఘం, ఓపీలో చేసే గర్భసంచి పరీక్షలన్నిటికీ నొప్పిమందు ఇవ్వచూపాలని వైద్యులను కోరింది.

బొల్లాపల్లి నుంచి పరీక్షకు బయల్దేరే అక్కకు ఇవన్నీ అక్కర్లేదు. ఆమెకు పనికొచ్చేది వేరు. కాపర్-టి వేసేటప్పటి నొప్పికి ఐబుప్రోఫెన్ ఒక్కటే పెద్దగా పనిచెయ్యదు, తర్వాతి పోట్లకు పనిచేస్తుంది. కాన్పు మామూలుగా అయినవాళ్లకంటే సిజేరియన్ మాత్రమే అయినవాళ్లకు, ముట్టు ఆగిపోయినవాళ్లకు, ప్రతి నెలా ముట్టునొప్పితో మెలికలు తిరిగేవాళ్లకు నొప్పి ఎక్కువ ఉండే అవకాశం ఉంది. ఆ సంగతి ముందే చెప్పాలి. కడుపులో పుండు, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకూడదు, అదీ చెప్పాలి. పన్ను పీకించుకున్నప్పుడు సూది పడలేదంటే అది కూడా. మందు వేశాక చెవుల్లో గింగురుమన్నా, నాలుక మొద్దుబారినా, నోట్లో ఇనుము రుచి తగిలినా వెంటనే నోరు తెరిచి చెప్పాలి. గర్భం పోయాక కడిగించుకోవడం, సంచి లోపల కెమెరాతో చూడటం లాంటి వాటికి కొందరికి మత్తు సూది అవసరమవుతుంది. అప్పుడు ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, వెంట తోడు ఉండాలి, మత్తు ఇచ్చే చోట ఊపిరి, గుండె కనిపెట్టి చూసేవాళ్లూ సామగ్రీ ఉండాలి. అవి లేని చోట మత్తు అడగడం ప్రమాదం, ఇవ్వడం ఇంకా ప్రమాదం. చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి పక్కనుంటే నొప్పి కొంత తగ్గుతుందన్నది నిజమే. దాన్ని మందుకు తోడుగా ఇవ్వాలి, మందు బదులు కాదు.

ఆసుపత్రుల వైపు నుంచి ఒక్కటి అడుగుతాను. ఓపీ చీటీ మీద బీపీ, బరువు రాస్తారు. చిన్న పరీక్ష చేశాక దాని కిందే ఇంకో గడి ఉండాలి. నొప్పి పదికి ఎంత అని ఆ మనిషినే అడిగి, ఆమె చెప్పిన అంకె రాయాలి, ఇచ్చిన మందు పేరు పక్కన రాయాలి. నరసరావుపేటలో జిల్లా వైద్యాధికారుల సమీక్ష జరిగినప్పుడు ఎన్ని కాపర్-టీలు వేశారు, ఎన్ని ఆపరేషన్లు చేశారు అని అడుగుతున్న వరుసలోనే ఆ గడిలోని అంకెలూ అడగాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వరసగా వస్తున్న చోటికి లిగ్నోకైన్ సీసాలు పంపాలి. మూతి చుట్టూ సూది ఎట్లా వెయ్యాలో నేర్పే డాక్టరును కూడా వాటితో పంపాలి.